విజిల్‌కీ వేణువుకీ ఏ లోహపు గొట్టం? ఎంచుకోవడం, పరీక్షించడం ఎలా

"ఇత్తడి తీసుకోవాలా, రాగి తీసుకోవాలా? అల్యూమినియం అయితే స్వరం పలచగా వస్తుందటగా?" సొంతంగా టిన్ విజిల్ (నిలువుగా పట్టుకుని ఊదే ఆరు రంధ్రాల చిన్న పిల్లనగ్రోవి) గానీ లోహపు వేణువు గానీ చేసుకుందామనుకునే వాళ్లు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి అలసిపోయి, అంతా ఒకచోట రాసేస్తున్నాను.

జవాబులో సగం ముందే చెప్పేస్తాను. గంట కొడితే లోహం కంపిస్తుంది. వేణువు ఊదితే కంపించేది లోపలి గాలి. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వెండి, రాగి, చెక్కలతో లోపలి కొలతలు ఒకేలా ఉండే మూడు వేణువులు తీసుకుని, ఊదే భాగం మూడింటికీ ఒకటే రకం పెట్టి పరీక్షించాడు. విన్నవాళ్లూ, ఏదో తెలియకుండా చేతికిస్తే ఊదినవాళ్లూ తేడా పట్టుకోలేకపోయారు. కాబట్టి "ఇత్తడి నాదం", "రాగి మాధుర్యం" అనే మాటల్ని కాసేపు పక్కన పెట్టండి.

అలాగని ఏ గొట్టం పట్టుకొచ్చినా సరిపోతుందని కాదు. లోహం మారితే దొరికే గోడ మందం మారుతుంది, బరువు మారుతుంది, ఆకురాయి కింద అది నడిచే తీరు మారుతుంది, పెదవికి తగిలేది మారుతుంది. మీరు చేసిన వాయిద్యం బాగా పలకడం, పలక్కపోవడం వీటి మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే కింది వరుసలో లోహం ఎంపిక మూడో అడుగులో గానీ రాదు.

కావలసినవి

వెర్నియర్ కాలిపర్, 0.1 గ్రాము వరకూ చూపే చిన్న తూకం, అయస్కాంతం, అంగుళానికి 32 పళ్లుండే హాక్సా బ్లేడు, ఒక చదును ఆకురాయి, ఒక గుండ్రటి సన్న ఆకురాయి, మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ డ్రిల్ బిట్, 400, 800 నంబర్ల నీటి ఎమరీ కాగితం, గొట్టం లోపల బిగుతుగా పట్టే చెక్క కడ్డీ, ఫోన్లో ఏదో ఒక ట్యూనర్ యాప్. వీటితోపాటు కళ్లద్దాలు, మాస్కు. ఈ చివరి రెండూ లేకపోతే పని మొదలుపెట్టకండి. ఇత్తడి రజను కంట్లో పడితే ఆ రోజంతా మరేం చేయలేరు.

1. ముందు శ్రుతి తేల్చుకోండి, తర్వాతే గొట్టం

మామూలు డి విజిల్ (రంధ్రాలన్నీ మూసి ఊదితే పాశ్చాత్య డి స్వరం పలికేది) చేయాలంటే లోపలి వ్యాసం 12 నుంచి 13.5 మి.మీ., మొత్తం పొడవు 30 సెం.మీ. దగ్గర ఉండాలి. దానికి ఒక స్థాయి కింద పలికే లో డి విజిల్‌కి 21 నుంచి 23 మి.మీ. వ్యాసం, 58 నుంచి 60 సెం.మీ. పొడవు కావాలి. అడ్డంగా పట్టుకుని ఊదే వేణువుకి 19 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. 1847లో థియోబాల్డ్ బోమ్ అనే జర్మన్ ఫ్లూట్ తయారీదారు రూపొందించిన, ఇవాళ్టి పాశ్చాత్య ఫ్లూట్లకు మూలమైన గొట్టం కొలత కూడా అదే.

వేరే శ్రుతి కావాలా? ఊదే చోటి నుంచి చివరి దాకా పొడవుని లోపలి వ్యాసంతో భాగించండి. 20కీ 28కీ మధ్య వస్తే నిశ్చింతగా ముందుకెళ్లండి. అంతకన్నా సన్నమైతే పై స్వరాలు సులువుగా వస్తాయి గానీ కింది స్వరం నీరసంగా ఉండి, కాస్త గట్టిగా ఊదగానే పై స్థాయికి ఎగిరిపోతుంది. లావైతే కింది స్వరం నిండుగా ఉంటుంది గానీ పై స్వరాలకు ఊపిరంతా పెట్టాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. అమ్మేవాళ్లు చెప్పేది బయటి వ్యాసం, మీకు కావలసింది లోపలిది. 15 మి.మీ. రాగి గొట్టం అంటే గోడ 0.7 మి.మీ. అయితే లోపల 13.6 మి.మీ., గోడ 1 మి.మీ. అయితే 13 మి.మీ. రెండు వైపుల గోడలూ తీసేయాలని మరిచిపోవద్దు.

2. గోడ మందం చూడండి

మొత్తం పనిలో నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది ఇదే. మందం నాలుగు చోట్ల ఆడుకుంటుంది.

వేళ్ల రంధ్రాలు: గోడ పలచనైతే అదే సైజు రంధ్రం కాస్త ఎక్కువ శ్రుతి ఇస్తుంది, మందమైతే కాస్త తగ్గుతుంది. అందుకే ఒకరు 0.5 మి.మీ. ఇత్తడి మీద వేసిన రంధ్రాల కొలతల్ని మీరు 1.5 మి.మీ. అల్యూమినియం మీద యథాతథంగా దించితే శ్రుతి కలవదు. ఇది లోహం తప్పు కాదు, మందం తేడా.

వేలి కింద హాయి: 0.4 మి.మీ. గోడలో తీసిన రంధ్రం అంచు వేలికి కత్తిలా తగులుతుంది. గుండ్రంగా అరగదీద్దామన్నా అక్కడ అరగడానికి లోహం ఉండదు.

విజిల్ కిటికీ దగ్గరి కత్తి అంచు: కిటికీ అంటే మూతి కింద గొట్టం పైభాగంలో కోసే చిన్న సందు. నోటి గాలి వచ్చి దాని అవతలి అంచుకి తగిలి చీలుతుంది. మామూలు పద్ధతిలో గొట్టం లోపల బిరడా పెట్టి, బిరడా పైభాగం చదునుగా చెక్కి, గొట్టం పైకప్పుకీ దానికీ మధ్య 1 మి.మీ. ఎత్తు గాలి దారి వదులుతారు. ఇప్పుడు కిటికీ కోసి, బయటి నుంచి ఆకురాయితో వాలుగా అరగదీస్తే మిగిలే అంచు గొట్టం లోపలి పైకప్పు మట్టంలో ఉంటుంది. గాలి మొత్తం దాని కిందుగా పోతుంది. విజిల్ బుసకొడుతుంది తప్ప పలకదు. "కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఎందుకు పలకట్లేదు?" అని అడిగేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇదే. ఆ అంచుని దాదాపు అర మిల్లీమీటరు లోపలికి నొక్కాలి, అప్పుడే అది గాలి ప్రవాహం మధ్యలోకి వస్తుంది. అలా నొక్కాలంటే గోడ పలచగా ఉండాలి, లోహం వంగాలి. 0.5 మి.మీ. ఇత్తడి, రాగి చెప్పినట్టు వంగుతాయి. గట్టి రకం అల్యూమినియం పగులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అసలు మాట వినదు.

దీనికి ప్రత్యామ్నాయం ఉంది. గోడ 1 నుంచి 1.5 మి.మీ. ఉంటే గాలి దారిని గోడ మందంలోనే కోసేసి, దానిపై మరో గొట్టం ముక్కని తొడుగులా వేయండి. గోడ మందమే గాలి దారి ఎత్తు అవుతుంది. నొక్కే పని లేదు. మందపాటి అల్యూమినియం గొట్టాలకు నేనైతే ఇదే చెప్తాను.

అడ్డ వేణువు ఊదు రంధ్రం: వెదురు గోడ సహజంగానే రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి గాలి కోసుకోవడానికి తగినంత లోతు దొరుకుతుంది. 1 మి.మీ. లోహంలో నేరుగా రంధ్రం వేస్తే ఆ లోతు ఉండదు. స్వరం ఊపిరి శబ్దంతో కలిసిపోతుంది. పాశ్చాత్య వెండి ఫ్లూట్ల గోడ అర మిల్లీమీటరు కూడా ఉండదు, కానీ వాటి ఊదు రంధ్రం మీద పెదవి పలక, దాని కింద దాదాపు 5 మి.మీ. ఎత్తు చిన్న గొట్టం (చిమ్నీ) అతికించి ఉంటాయి. అది మీకు కష్టమైతే ఊదు రంధ్రం వచ్చే చోట గొట్టంపై 8 సెం.మీ. పొడవు మందపాటి తొడుగు బిగించి, రెండింటినీ కలిపి తొలవండి. లేదంటే తల భాగం చెక్కతోనో డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తోనో చేసి, లోహపు ఒంటిని దానికి జోడించండి.

3. ఇప్పుడు లోహం

ఇత్తడి. మొదటి విజిల్ అయితే దీనితోనే మొదలుపెట్టమంటాను. ఆకురాయి కింద శుభ్రంగా తెగుతుంది, అంచు పదును నిలుస్తుంది, సులువుగా టంకం పడుతుంది, గొట్టాలు 0.5 మి.మీ. మందం నుంచీ దొరుకుతాయి. రాగి 70, జింకు 30 పాళ్ల రకం బాగా వంగుతుంది. గట్టిగా ఉంటే, నొక్కాల్సిన చోట మాత్రం వెలుతురు తక్కువున్న గదిలో మసక ఎరుపు కనిపించే దాకా వేడి చేసి చల్లారనివ్వండి, మెత్తబడుతుంది. అంతకుమించి కాల్చొద్దు, ఇత్తడిలోని జింకు పొగవుతుంది. ఇత్తడికి ఉన్న చిక్కులు రెండే: పెద్ద సైజుల్లో బరువు, చేతికి అంటే వాసన.

ఒక జాగ్రత్త: ఇత్తడి గొట్టం వేరు, లేత్ పని కోసం అమ్మే ఇత్తడి కడ్డీ వేరు. కడ్డీ చక్కగా తెగడానికి అందులో 3 శాతం దాకా సీసం కలుపుతారు. ఆ కడ్డీతో బిరడా గానీ మూతి భాగం గానీ చేయకండి. రోజూ నోట్లో పెట్టుకునేది అదే కదా.

అల్యూమినియం. బరువు విషయంలో దీనికి సాటి లేదు. లెక్క చూడండి: బయట 25, లోపల 22 మి.మీ., 58 సెం.మీ. పొడవు లో డి గొట్టం అల్యూమినియంలో 175 గ్రాముల లోపు ఉంటుంది. అదే కొలత ఇత్తడిలో 545 గ్రాములు. ఆ బరువంతా మోసేది మీ కుడి బొటనవేలు. పదిహేను నిమిషాల్లో తేడా తెలిసిపోతుంది. 1970ల మొదట్లో ఇంగ్లండులో బెర్నార్డ్ ఓవర్టన్ చేసిన లో విజిళ్లు అల్యూమినియంవే.

6063 రకం కిటికీ ఫ్రేముల వంటి వాటికి వాడేది, మెత్తన, బ్లేడుకీ డ్రిల్ బిట్‌కీ జిగురులా అంటుకుంటుంది. 6061 రకం గట్టిది, శుభ్రంగా తెగుతుంది. ఏదైనా సరే కిరోసిన్ చుక్కో డబ్ల్యూడీ-40 చుక్కో వేస్తూ తొలవండి. మామూలు టంకం దీనికి పట్టదు, అతకాలంటే ఎపాక్సీ జిగురే. పూత లేని అల్యూమినియం వేళ్లకు బూడిద రంగు మరక అంటిస్తుంది. ఇది చూసి కంగారు పడక్కర్లేదు, పైన ఏర్పడే ఆక్సైడ్ పొడి అది. అసహ్యంగా అనిపిస్తే ఆనొడైజ్ చేయించండి (కరెంటు సాయంతో పైన గట్టి ఆక్సైడ్ పొర పెంచడం), లేదా ఆనొడైజ్ చేసిన గొట్టమే కొనండి.

రాగి. దొరకడం సులువు, టంకం పట్టడం సులువు, చూడ్డానికి అందం. కానీ మెత్తన. కింద పడితే సొట్ట పడుతుంది, కత్తి అంచు గోరు తగిలినా వంగుతుంది, డ్రిల్ చేస్తే రంధ్రం చుట్టూ అంచు లేస్తుంది. తడి, చెమట తగిలి ఆకుపచ్చ చిలుము పడుతుంది, నోటికి రుచి తెలుస్తుంది. రాగి ఒంటికి వేరే మూతి పెడితే మాత్రం మంచి వాయిద్యమే అవుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు. చిలుము లేదు, వాసన లేదు, పది కాలాలు ఉంటుంది. చేతి పనిముట్లతో దాన్ని లొంగదీయడం మాత్రం నానా తిప్పలు. డ్రిల్ బిట్ ఒక్క క్షణం అదే చోట ఊరికే తిరిగితే ఆ చోటు గట్టిపడిపోయి, ఆ తర్వాత దిగదు. కోబాల్ట్ బిట్, తక్కువ వేగం, ఆపకుండా ఒత్తిడి, ధారగా కటింగ్ ఆయిల్ ఉండాలి. మొదటి వాయిద్యానికి వద్దు. తీసుకుంటే 304 లేదా 316 రకం. 303 రకంలో గంధకం కలిపి ఉంటుంది, చర్మం మీద నికెల్ ఎక్కువ వదులుతుంది.

జర్మన్ సిల్వర్. పేరులో వెండి ఉంది తప్ప లోహంలో లేదు. రాగి, నికెల్, జింకు మిశ్రమం. ఇత్తడిలాగే పని చేయొచ్చు, ఇంకాస్త గట్టిగా ఉంటుంది. నికెల్ పడనివాళ్లకి, అంటే చవక గొలుసులు వేసుకుంటే మెడ దురద పెట్టేవాళ్లకి, పెదవి మీద ఇది పనికిరాదు.

తగరపు రేకు. 1843లో రాబర్ట్ క్లార్క్ విజిళ్లు చేసింది దీనితోనే. సన్న ఉక్కు రేకుకి తగరం పూత, చుట్టి అంచులు కలుపుతారు. గొట్టం కొనక్కర్లేదు, కిందికి సన్నబడేలా చుట్టుకోవచ్చు. కోసిన అంచులు తుప్పు పడతాయి, అంతే.

4. వీటి జోలికి వెళ్లకండి

గాల్వనైజ్ చేసిన ఇనుప గొట్టం, ముఖ్యంగా పాత కరెంటు వైరింగ్ పైపులు. వేడి చేస్తే జింకు పొగ వస్తుంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం పట్టుకుంటాయి.

పాత ఏసీలు, ఫ్రిజ్‌ల నుంచి తీసిన రాగి గొట్టం. లోపల కంప్రెసర్ ఆయిల్ ఉంటుంది. నేనూ ఒకసారి కక్కుర్తి పడ్డాను. సబ్బు నీళ్లతో నాలుగుసార్లు కడిగి, ఆరబెట్టి, విజిల్ పూర్తి చేసి, ఊదడం మొదలుపెట్టిన ఐదు నిమిషాలకి గొట్టం వేడెక్కి లోపలి నుంచి ఆయిల్ వాసన కొట్టింది. రెండు సాయంత్రాల పని పాత సామాన్లలోకి పోయింది.

ఏ పూతో తెలియని గొట్టం. పాత యంత్రాల భాగాల మీద కాడ్మియం పూత ఉండొచ్చు. పెచ్చులుగా లేస్తున్న క్రోమ్ పూత కూడా అంతే, పెదవి కోస్తుంది. గ్యాస్, పెట్రోలు, రసాయనాలు ప్రవహించిన గొట్టాల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

టంకం విషయంలోనూ అదే మాట. సీసం లేని తగరం-వెండి టంకం వాడండి, 96 పాళ్ల తగరం, 4 పాళ్ల వెండి ఉన్నది దాదాపు 221 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గట్టి వెండి టంకం వాడితే కాడ్మియం లేనిదని ప్యాకెట్ మీద చూసుకోండి.

5. మీ చేతిలో ఉన్నది నిజంగా ఆ లోహమేనా?

మొదట అయస్కాంతం. గట్టిగా అంటుకుంటే అది ఉక్కు, పైన ఏ రంగున్నా సరే. కర్టెన్ కడ్డీల్లో ఇత్తడి రంగు పూసిన ఉక్కు చాలా మామూలు. 304 స్టెయిన్‌లెస్ గొట్టం అతి స్వల్పంగా లాగితే అనుమానించకండి, గొట్టంగా సాగదీసేటప్పుడు దానికి కాస్త అయస్కాంత గుణం వస్తుంది.

తర్వాత చివర ఆకురాయితో ఒక గీత. లోపల కూడా అదే రంగు ఉండాలి.

ఇక నీళ్ల పరీక్ష. గొట్టం నుంచి 10 సెం.మీ. ముక్క కోయండి. దాన్ని తూచండి. తర్వాత తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. ముక్కని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుక్కీ పక్కలకీ తగలకుండా వేలాడదీయండి. తూకం ఇప్పుడు ఎన్ని గ్రాములు చూపిస్తే ముక్క ఘనపరిమాణం అన్ని ఘన సెంటీమీటర్లు. మొదటి బరువుని దీనితో భాగించండి. ఉదాహరణకి బయట 15, లోపల 13 మి.మీ. ముక్క 37.4 గ్రాములు తూగి, నీళ్లలో 4.4 చూపిందనుకోండి. 37.4ని 4.4తో భాగిస్తే 8.5, అంటే ఇత్తడి. 2.7 వస్తే అల్యూమినియం, 7.9 వస్తే ఉక్కు జాతి, 8.9 దగ్గర రాగి. గొట్టం లోపల గాలి బుడగ నిలిచిపోతే లెక్క తప్పుతుంది, ముక్కని నిలువుగా దించి ఒకసారి కదపండి.

ఆఖరుగా వెలుతురు వైపు పట్టుకుని గొట్టం లోపలికి చూడండి. పొడవునా సన్నటి గట్టులాంటి గీత కనిపిస్తే అది అతుకు ఉన్న గొట్టం. ఒంటికి వాడొచ్చు గానీ, బిరడా దగ్గర ఆ గట్టు పక్కనుంచి గాలి కారుతుంది. అతుకు లేనిదే తీసుకోండి, కుదరకపోతే బిరడా వచ్చే చోట ఆ గట్టుని గుండ్రటి ఆకురాయితో తీసేయండి.

6. మొత్తం గొట్టం కోసే ముందు ముక్క మీద ప్రయోగం

నీళ్ల పరీక్షకి కోసిన ముక్కే దీనికీ పనికొస్తుంది. లోపల చెక్క కడ్డీ దూర్చి, ఒక రంధ్రం తొలిచి, ఒక కిటికీ కోసి, ఒక అంచు అరగదీయండి. ఇరవై నిమిషాల పని. మీ చేతికీ మీ పనిముట్లకీ ఈ లోహం లొంగుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఇత్తడి మీద మామూలు డ్రిల్ బిట్ ఉన్నట్టుండి స్క్రూలా లోపలికి లాక్కుపోతుంది, పలచని గొట్టాన్ని చింపేస్తుంది. స్టెప్ డ్రిల్ వాడండి, లేదా బిట్ కోసే అంచుల పదునుని సాన రాయి మీద కాస్త చంపేయండి. చెక్క కడ్డీ లేకుండా తొలిస్తే గొట్టం సొట్టబోతుంది. ఇది చెప్పినా వినరు, ఒకసారి పోగొట్టుకున్నాకే వింటారు.

అరగదీసిన అంచుని గోటితో తేలికగా నొక్కండి. వంగిపోతే లోహం మెత్తన, లేదా మీరు మరీ పలచగా తీశారు. అంచు రేజరులా ఉండక్కర్లేదు, కాగితం మందం మిగిలినా బాగానే పలుకుతుంది.

7. మూతి, జోడీలు

బిరడాకి గట్టి చెక్క గానీ డెల్రిన్ గానీ వాడండి. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, కాబట్టి బొత్తిగా బిగుతుగా పెట్టొద్దు. లోహపు మూతి చల్లగా ఉంటుంది, నోటి ఆవిరి గాలి దారిలో నీళ్ల చుక్కలుగా పేరుకుని స్వరం గొంతు పట్టినట్టు అవుతుంది. డెల్రిన్ మూతిలోనూ నీళ్లు చేరతాయి గానీ, తక్కువ.

శ్రుతి సర్దుకోవడానికి జారే జాయింటు పెట్టాలనుకుంటే జోడీ చూసుకుని పెట్టండి. ఇత్తడి మీద ఇత్తడి హాయిగా జారుతుంది. అల్యూమినియం మీద అల్యూమినియం, స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ ఒకదాన్నొకటి గీరుకుని ఏదో ఒకరోజు కరిచిపెట్టేస్తాయి. అల్యూమినియం ఒంటికి నేరుగా ఇత్తడి జాయింటు తగిలిస్తే తడిలో అల్యూమినియం తినేసి తెల్ల పొడి వస్తుంది. మధ్యలో ప్లాస్టిక్ పొరో ఎపాక్సీ పూతో ఉండాలి.

8. కోత, శ్రుతి

డి విజిల్ కింది స్వరం సెకనుకు 587 కంపనాలు. లెక్క ప్రకారం గాలి స్తంభం 292 మి.మీ. రావాలి గానీ, రెండు చివర్లా గాలి కాస్త బయటికి పొంగి కంపిస్తుంది కాబట్టి కత్తి అంచు నుంచి చివరి దాకా 270 మి.మీ. దగ్గర కుదురుతుంది. మీరు మాత్రం 280కి కోయండి. ట్యూనర్ చూస్తూ ఒక్కో మిల్లీమీటరు తగ్గించుకుంటూ రండి. ఎక్కువ కోసేస్తే మొదటికే మోసం.

చక్రంలా తిప్పి కోసే పైపు కట్టర్ వాడితే గొట్టం అంచు లోపలికి ముడుచుకుంటుంది. చూపుకి ఆనదు గానీ కాలిపర్ పెడితే వ్యాసం తగ్గిందని తెలుస్తుంది, స్వరం కూడా దిగుతుంది. కోసిన ప్రతిసారీ లోపలి అంచుని ఆకురాయితో తెరిచాకే ట్యూనర్ చూడండి. లేదంటే మీరు సరిచేస్తున్నది పొడవుని కాదు, ఆ ముడతని.

వేళ్ల రంధ్రాలు అనుకున్న సైజు కన్నా 1 మి.మీ. చిన్నగా తొలిచి, ఆకురాయితో పెంచుతూ రండి. పెంచితే శ్రుతి ఎక్కుతుంది. పొరపాటున ఎక్కువ పెరిగితే రంధ్రంలో కొంత భాగం మీద టేపు ముక్క వేసి చూడండి, ఎంత పూడ్చాలో తెలుస్తుంది. ఆ మేరకు లోపలి అంచుకి ఎపాక్సీ రాయండి.

ట్యూనర్ చూసే ముందు రెండు నిమిషాలు ఊది గొట్టాన్ని వేడెక్కించండి. లోపలి గాలి ఒక డిగ్రీ మారితే శ్రుతి దాదాపు 3 సెంట్లు మారుతుంది (పక్కపక్కనుండే రెండు స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). పది డిగ్రీల తేడా అంటే 30 సెంట్లు, చెవికి తెలిసిపోయేంత. లోహం వ్యాకోచించి పొడవు పెరగడం వల్ల వచ్చే తేడా అర సెంటు కూడా ఉండదు. "ఎండలో ఇత్తడి సాగి శ్రుతి దిగింది" అనే మాట అందుకే నిలబడదు. వేడికి శ్రుతి ఎక్కుతుంది, దిగదు.

9. సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

గాలి కారడం: రంధ్రాలన్నీ వేళ్లతో, కిటికీని టేపుతో మూసి, చివరని అరచేతికి గట్టిగా ఆనించి, మూతి దగ్గర గాలి పీల్చండి. అరచేయి రెండు మూడు సెకన్లు అతుక్కుని ఉండాలి. వెంటనే వదిలేస్తే బిరడా పక్కనో అతుకు దగ్గరో కారుతోంది.

కింది స్వరం: మెల్లగా ఊది పది సెకన్లు నిలపండి. తనంతట తానే పై స్థాయికి దూకుతుంటే, ముందు కారడం చూడండి, తర్వాత కత్తి అంచు కింద లేచిన పోగు ఉందేమో వేలి కొసతో తడమండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆ పోగే.

బుస: స్వరంతోపాటు గాలి శబ్దం ఎక్కువుంటే గాలి దారి గోడల్ని 800 కాగితంతో నునుపు చేసి, అంచు మట్టం మళ్లీ చూడండి.

బరువు: నిలబడి పదిహేను నిమిషాలు ఆపకుండా వాయించండి. బొటనవేలి కీలు నొప్పి పెడితే పాట తప్పు కాదు, గొట్టం బరువు. ఇదే కొలతల్లో అల్యూమినియంతో మళ్లీ చేసుకోండి.

లోహం అనుమానం: ఇంకా "ఇత్తడి అయితే వేరేగా ఉండేదేమో" అనిపిస్తుంటే, లోపలి వ్యాసం, గోడ మందం ఒకేలా ఉన్న రెండు లోహాల గొట్టాల్లో ఒకే తరహాలో రంధ్రాలు వేసి, ఒకే మూతిని మార్చి మార్చి తొడిగి, తలుపు అవతలి నుంచి ఎవరి చేతనైనా వాయించమనండి. ఏది ఎప్పుడు వాయించారో వాళ్లని కాగితం మీద రాసుకోమనండి, మీ ఊహలు మీరు రాసుకోండి. నేను ఇత్తడి, అల్యూమినియం పెట్టి ఇరవైసార్లు విన్నాను. పదకొండు సరిగ్గా చెప్పాను, అంటే బొమ్మా బొరుసూ వేసినా దాదాపు అంతే వచ్చేది. వాయించినావిడ మాత్రం ఇత్తడిదే బాగుందంది. ఎందుకంటే అది చేతిలో నిండుగా ఉందట. అదీ కారణమే, కాదనను.

తర్వాత సంరక్షణ

వాయించిన ప్రతిసారీ కర్రకి మెత్తటి గుడ్డ చుట్టి లోపలి తడి తుడవండి. గుడ్డ కత్తి అంచుకి తగలకుండా కింది వైపు నుంచే దూర్చండి. ఇత్తడి, రాగి నల్లబడితే నిమ్మఉప్పు కలిపిన నీళ్లతో తోమి, వెంటనే కడిగి ఆరబెట్టండి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు ఇత్తడికి వాడొద్దు, సాగదీసిన గొట్టంలో పగుళ్లు తెస్తాయి. అల్యూమినియానికి వాషింగ్ సోడా, ఓవెన్ క్లీనర్ లాంటి క్షారాలు తగలనివ్వకండి, లోహాన్నే తినేస్తాయి. మామూలు సబ్బు నీళ్లు చాలు. మెరుపు కోసం లాకర్ (పారదర్శక వార్నిష్) పూయాలనుకుంటే ఒంటికి పూయండి, మూతిని వదిలేయండి.